గంటసేపు

నా ఉద్యోగం గుంటలు లెక్కపెట్టడం.
ఎవరికి చెప్పినా మున్సిపాలిటీ అనుకుంటారు.
మౌలాలి నుంచి తార్నాక దాకా షేర్ ఆటోలో
ఎగిరెగిరి పడ్డాక నేనూ కాదనలేను.

ల్యాబులో, తెర మీద చంద్రుడి దక్షిణం.
వాలు వెలుతురు. నీడలన్నీ పొడుగు.
కిలోమీటరు దాటిన ప్రతి గుంట చుట్టూ
ఒక పసుపుపచ్చ వలయం గీసి, లోపల అంకె వేస్తాను.
గుంటలు ఎక్కువుంటే ముసలి నేల, తక్కువైతే పడుచుది.
మొహం చూసి ఈడు చెప్పడమే, అంతకన్నా ఏం లేదు.
మొన్న మూడువందల పన్నెండు దగ్గర తుమ్మొచ్చి
మళ్ళీ మొదటినుంచి.

అక్కడ వాన లేదు.
తగిలిన దెబ్బ తగిలినట్టే ఉంటుంది
ఇంకో దెబ్బ వచ్చి చెరిపేదాకా.

మా రూము వెనక ఏడు బండలు,
ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి
దించేవాళ్ళు రాక అట్లాగే ఉండిపోయినట్టు.
ఏరు దొర్లించి నునుపు చేసిందనుకుంటారు. కాదు.
పుట్టిన చోటే ఉన్నాయి.
పగుళ్ళలోకి దిగిన తడి మూలలన్నీ కొరికి తిన్నాక,
చుట్టూ మట్టి కొట్టుకుపోయాక మిగిలినవి.
రెండువందల యాభై కోట్ల ఏళ్ళు.
ఒక్క గుంటా లేదు. నా లెక్క ఇక్కడ పనికిరాదు.
ఒకదాని మీద ఎర్ర పెయింటుతో నాలుగు అని రాసి, పక్కన బాణం.
అపార్ట్‌మెంటు వస్తోంది. రెండంతస్తుల పార్కింగు, నేల కింద.

ఓర్సు సమ్మయ్యకు అరవై దాటుంటాయి.
మిషను దూరని సందుల్లో ఇంకా ఆయన సుత్తే.
కొట్టే ముందు బండకు చెవి ఆనించి తడతాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
ఖంగుమంటే గట్టిది. బద్దుమంటే లోపలెక్కడో పగులు.
ఆ పగులే దారి.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా?"
చెప్పాను. నవ్వలేదు.
"ఆడి రాయి సుత మనదసొంటిదేనా?"
కాదన్నాను. ఈ పలుగురాయి తళుకు అక్కడ దాదాపు దొరకదు.
ఇంత గ్రానైటు పండాలంటే
నేల అడుగుకు నీళ్ళు దిగాలి.
"అంటే ఈ బండల నీళ్ళున్నయన్నట్టు."
అరచేత్తో నిమిరి చూశాడు.
"గిన్నేండ్ల సంది కొడ్తున్న. చుక్క రాలలే."

కాసేపాగి, "మరి మోగుతదా?"

గాలి లేదు కదా, మోగినా వినపడదు
అనబోయి ఆగాను.
నేను పుట్టకముందెప్పుడో
పని అయిపోయిన వాహనాన్ని ఒకదాన్ని
కావాలనే చంద్రుడి మీద పడేశారు.
నేల మీద పెట్టి వచ్చిన యంత్రం ఆ అదురును రాసుకుంది.
రాసుకుంటూనే ఉంది.
మన నేలైతే కాసిని నిమిషాల్లో మింగేసి ఊరుకునేది.
అది ఎండి, లోపలంతా పగిలి ఉంది. ఆపుకోలేకపోయింది.

"మోగింది," అన్నాను. "దగ్గరదగ్గర గంటసేపు."
"గంట లెక్కనా?"
"ఆ. గంట లెక్కనే, గంటసేపు."

సమ్మయ్య సుత్తి కింద పెట్టాడు.
బీడీ తీశాడు, వెలిగించలేదు.
"ఒక్క దెబ్బకా," అన్నాడు,
ఎవరో పెద్ద మేస్త్రీ గురించి విన్నవాడిలా.

ఆ వారం తెర మీద వలయాలు గీస్తుంటే
అంకెల్లోపల చప్పుడు.
మూడువందల పదమూడు, పద్నాలుగు.
ఏది ఎంతసేపు మోగిందో, వినడానికి ఎవరున్నారని
మోగిందో. జీతం లెక్కకే ఇస్తారు.
తల విదిలించి లెక్కపెట్టాను.

శుక్రవారం వచ్చేసరికి నాలుగో బండ లేదు.
దాని చోట ఒక గుంట, అంచులు పదునుగా,
ఈడు ఒకటిన్నర రోజు.
సమ్మయ్య గట్టు మీది నుంచి చెయ్యి ఊపి పిలిచాడు.
అడుగున పగిలిన గులాబీరంగు రాతిమధ్య
గిన్నెడు నీళ్ళు.
"జూసినవా? నువ్వన్నదే."

అది డ్రిల్లుకు పోసిన ట్యాంకరు నీళ్ళని నాకు తెలుసు.
బహుశా ఆయనకూ తెలుసు.
ఇద్దరం వంగి చూస్తున్నాం.